బోరుపటంలో గట్టు చేను

ఎర్రగుంట్ల,
జనవరి 12.

ధనుంజయన్నకు, విద్య రాస్తున్నది.

ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెట్టుకుంటావు. నీ అంగట్లో మోటార్లు, పైపులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా అన్నాచెల్లెళ్ళ మాటల్లో తలదూరుస్తారు. పోయినసారి ఎవరో పెద్దమనిషి నాకు మోకాళ్ళ నొప్పికి మందు కూడా చెప్పాడు. అందుకే మెయిలు పంపుతున్నాను. బిల్లులు కొట్టే కంప్యూటరులో తీరికగా చదువుకో.

ఇన్నాళ్ళూ అంగళ్ళకు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టాను కదా. ఇప్పుడు సొంతంగా ఒకటి చేశాను. పేరు బోరుపటం. మన రెండు జిల్లాల పటం కనిపిస్తుంది. ఎవరు ఏ చేలో బోరు వేశారో అక్కడ చుక్క పడుతుంది. నీళ్ళు పడితే నీలం చుక్క, దుమ్ము వస్తే ఎర్ర చుక్క. బోరు వేయించినవాళ్ళే తమ ఫోనులోంచి చుక్క పెట్టొచ్చు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పి పెట్టొచ్చు.

దీనికి కారణం మా మామగారి బోరు. పోయిన ఎండాకాలం ముద్దనూరు దగ్గర చేలో వేయించారు. ఒక్క చుక్క తడి రాలేదు. బండి వెళ్ళిపోయాక పక్క చేను నాగేంద్రమ్మ గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"మేమూ ఆ తుమ్మచెట్టు పక్కనే ఏసింటిమి. మాకూ ఇంతే, ఉత్త దుమ్ము" అంది.

"ముందే చెప్పకూడదా తల్లీ?" అన్నారు మామగారు.

"మీరు అడగల్యా కదప్పా" అంది.

ఆమె తప్పు లేదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడగకుండానే చెప్పే చోటు ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది.

సైటు తయారైంది కానీ చూసేవాళ్ళు లేరు. నేను, మీ బావ భూపేష్, మా ఆడబిడ్డ. అంతే. నీ అంగడికి వచ్చేవాళ్ళంతా బోర్ల వాళ్ళే. కర్నూలు జిల్లా వైపు దీన్ని నలుగురికీ తెలిసేట్టు చేసే పని నీది. ఎట్లా చేయాలో చెప్పు.

పెద్దనాయనను, శిల్ప వదినను అడిగానని చెప్పు.

విద్య


నందికొట్కూరు,
జనవరి 19.

చెల్లెలికి,

మోకాళ్ళ మందు చెప్పింది దేవేంద్రప్ప. ఆ మందు పనిచేసిందా అని అడుగుతున్నాడు.

నీ సైటు చూశాను. బాగుంది, కానీ ఎవరూ రారు. ఎందుకో చెబుతాను. బోరు ఎండిపోవడం మన వైపు జబ్బు లాంటిది. జబ్బు ఉన్నవాడు గోడకు రాసుకోడు. ఎర్ర చుక్క పెడితే ఆ చేనుకు ధర పడిపోతుందని ఒకడు, ఇంట్లో పిల్లకు సంబంధాలు రావని ఇంకొకడు. నీళ్ళు పడ్డవాడు అసలే చెప్పడు. పక్కవాడు వచ్చి తన బోరు దగ్గరే వేస్తాడని భయం. ఇక మిగిలింది ఎవరు? మీ ఆడబిడ్డ.

అయినా నువ్వు అడిగావు కాబట్టి అంగట్లో చెబుతున్నాను. నిన్న ఒకాయనకు మోటారు అమ్మి, ఫోను తీయించి చూపించాను. "ఇదంతా ఎర్రగుండాది, తట్టు లేసినట్లు" అన్నాడు. మూసేశాడు.

కర్నూలులో డ్రిప్పు డీలర్‌షిప్పు ఒకటి ఖాళీ అవుతోంది. దాని కోసం తిరుగుతున్నాను. వచ్చే నెల కాస్త తీరిక దొరికితే నీ పని చూస్తాను.

ధనుంజయ


ఎర్రగుంట్ల,
ఫిబ్రవరి 23.

అన్నా,

నువ్వు చెప్పినట్టే అయింది. ప్రొద్దుటూరులో కరపత్రాలు కొట్టించి సంతలో పంచాను. ఒకామె దాన్ని మడిచి వేరుశనక్కాయలు పోయించుకుంది. రైతుల వాట్సాప్ గుంపుల్లో పెట్టాను. రెండు గుంపుల నుంచి నన్ను తీసేశారు. ఒకచోట బోరు బండ్ల ఏజెంటు, "ఈమె మా పొట్ట కొట్టను వచ్చినాది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ వల్ల కొంతమంది సైటు తెరిచి చూశారు. ఆయనకు కృతజ్ఞత చెప్పాలి.

ఆటోకు మైకు కట్టి తిప్పుదామని భూపేష్ అంటున్నారు. ఆటో వెళ్ళిపోయాక వినేవాడికి పేరు గుర్తుంటుందా అన్నది నా అనుమానం.

గూగుల్‌లో 'బోరు' అని కొడితే మొదటి పేజీలో మనది రావాలి. అట్లా రావాలంటే సైటులో సరుకు ఉండాలి, జనం దాని మీద కాసేపు నిలవాలి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. నిలబెట్టేది ఏమిటో నాకు తోచడం లేదు.

మీ అంగడి పక్క గోడ ఖాళీగా ఉంది కదా. అది నాకు ఇస్తావా?

విద్య


నందికొట్కూరు,
మార్చి 16.

విద్యకు,

గోడ ఇచ్చాను. తెల్ల సున్నం వేయించి, నీలం రంగుతో పేరు రాయించాను. ఆత్మకూరు రోడ్డులో పోయే ప్రతి బస్సుకూ కనబడుతుంది. పేరు కింద ఏం రాయాలని పెయింటరు అడిగాడు. 'బోరు వేసే ముందు చూడండి' అని నువ్వు పంపావు. నేను మార్చాను. 'చేను కొనే ముందు బోరుపటం చూడండి' అని రాయించాను.

ఎందుకంటే బోరు వేసేవాడు ఆశలో ఉంటాడు, వాడికి ఏదీ కనబడదు. కొనేవాడు అనుమానంలో ఉంటాడు. అనుమానం ఉన్నవాడే వెతుకుతాడు. ఇరవై ఏళ్ళుగా అంగట్లో కూర్చున్నవాడిని, ఈ మాత్రం తెలుసు. నువ్వు కూడా అన్నిచోట్లా ఇదే వాక్యం పెట్టు.

ఇంకొక సంగతి. నాయన నీ సైటు గురించి విన్నాడు. నాలుగు రోజులుగా శిల్ప వెంట పడి, మా గట్టు చేలో తాను వేయించిన బోర్ల గురించి ఫోనులోకి చెప్పి ఎక్కించాడు. నాలుగు బోర్లు, నాలుగు ఎర్ర చుక్కలు, నాలుగు కథలు. ఎవరూ అడగకపోయినా చెప్పే మనిషి ఒకడు మన ఇంట్లోనే ఉన్నాడు. విని నవ్వుకో.

ధనుంజయ


ఎర్రగుంట్ల,
ఏప్రిల్ 14.

అన్నా,

పెద్దనాయన సైటును నిలబెట్టాడు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

మొదటి బోరు గురించి ఆయన చెప్పింది నేను ఊరికే ఒక గుంపులో పెట్టాను. "కోడుమూరు తట్టు నుంచి ఒగ సామి వచ్చినాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగినాడు. ఒగ తావ టెంకాయ లేసి నిలబడినాది. ఆడనే ఏసినాం. టెంకాయ నిలబడినాది గానీ నీళ్ళు మాత్రం లేయల్యా." రెండోది ఇంకా ఎక్కువ తిరిగింది. "రెండోదానికి మిషను తెచ్చినారు. ఆ మిషనుకు ఇంగ్లీషు వచ్చు. మా రాయికి రాదు." బస్సుల్లో, టీ అంగళ్ళ దగ్గర వింటున్నారట. ఆళ్ళగడ్డ నుంచి ఒకాయన ఫోను చేసి "తిమ్మయ్య ఇంగా ఏమన్నా చెప్పినాడా?" అని అడిగాడు.

నాకు మాత్రం నాలుగోదే నచ్చింది. అందులో హాస్యం లేదు. "నాలుగోదానికి తావు నేనే చూపించినా. ఒగరిని అనే పని లేదు."

ఆయనది విన్నాక మిగతావాళ్ళకు సిగ్గు పోయింది. తిమ్మయ్య అంతటివాడే చెప్పుకుంటే మనకేమని ఎర్ర చుక్కలు పెడుతున్నారు. కొత్త చుక్కలు రాని రోజు లేదు. నీ వాక్యమూ పనిచేసింది. భూముల బ్రోకర్లు కూడా పటం చూస్తున్నారు. చేను బేరం మొదలు కాగానే కొనేవాడు ఫోను తీస్తున్నాడని ఒక బ్రోకరు నాతో విసుక్కున్నాడు.

పెద్దనాయనకు ఏం పంపమంటావు? ఆయనకు పంచె తీసుకోనా?

విద్య


నందికొట్కూరు,
మే 6.

విద్యకు,

క్షేమం. ఎండలు ఎక్కువ.

నాయన రికార్డింగులు అందరూ వింటున్నారు. సంతోషమే. ఒక చిన్న మాట. ఆయన ఎక్కడికి పోయినా జనం "టెంకాయ లేసినాదా తిమ్మయ్యా?" అని నవ్వుతున్నారు. పెద్ద వయసు. మర్యాదగా బతికిన మనిషి. చేను పేరు, చోటు తీసేసి ఉత్త మాటలు ఉంచితే ఎట్లుంటుంది? వినేవాళ్ళు ఎట్లాగూ వింటారు.

ఆలోచించు.

ధనుంజయ


ఎర్రగుంట్ల,
మే 9.

అన్నా,

చోటు తీసేస్తే అది కథ అవుతుంది. కథలు చెప్పే సైట్లు చాలా ఉన్నాయి.

నిన్న పెద్దనాయనకే ఫోను చేశాను. జనం నవ్వుతున్నారా అని అడిగాను. "నవ్వుతాండారు. నేనూ నవ్వుతాండా. నీకేమి బాధ?" అన్నాడు. చుక్క ఎవరు పెట్టారో వాళ్ళు అడిగితేనే తీయాలని సైటులో రాసుకున్నాను. ఆయన అడగలేదు.

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. డీలర్‌షిప్పు సంగతి ఏమైంది?

విద్య


నందికొట్కూరు,
మే 21.

విద్యకు,

దాచి లాభం లేదు. గట్టు చేను అమ్ముతున్నాను. డీలర్‌షిప్పు రావాలంటే కర్నూలులో గోడౌను ఉండాలి. ఆ చేను నా పేరు మీదే ఉంది. కాలువ నీళ్ళు ఆ గట్టు ఎక్కవు. నాయన ఇక సేద్యం చేయలేడు, నాకు రాదు. అమ్మకానికి ఆయన ఒప్పుకున్నాడు. కొనేవాడు ఎవరో, ఏం చెప్పి అమ్ముతున్నానో ఆయనకు తెలియదు.

కొనేవాడు ఆదోని పక్క మనిషి. గొర్రెలకు, కాస్త పత్తికి అంటున్నాడు. నీళ్ళ గురించి అడిగాడు. చుట్టుపక్కల బోర్లు ఉన్నాయి కదా అన్నాను. ఉన్నాయి, అబద్ధం కాదు. రేపో మాపో అతను ఫోను తీసి నీ పటం చూస్తాడు. నాయన గొంతు వింటాడు. అంతటితో సరి.

తీసేయమని అనడం లేదు. ఒక్క నెల పక్కన పెట్టు. రిజిస్ట్రేషను అయిపోగానే మళ్ళీ పెట్టుకో. నా గోడ, నా వాక్యం, నా నాయన గొంతు. వీటితోనే నీ సైటుకు జనం వచ్చారు. నేను ఇంతవరకూ నిన్ను ఏమీ అడగలేదు.

ధనుంజయ


ఎర్రగుంట్ల,
మే 28.

అన్నా,

తీసేశాను. పటంలో ఆ చోటు ఇప్పుడు తెల్లగా ఉంది. రికార్డింగులు ఏమయ్యాయని అడిగినవాళ్ళకు రిపేరు జరుగుతోందని చెబుతున్నాను.

విద్య


నందికొట్కూరు,
జూలై 3.

చెల్లెలికి,

రిజిస్ట్రేషను అయింది. కర్నూలులో గోడౌను చూసుకున్నాను. మీ వదిన నీకు చీర కొన్నది. ప్రొద్దుటూరు బస్సులో పార్సిలు వేశాను, తీసుకో.

నాయన రికార్డింగులు అప్పుడే పెట్టొద్దు. అతను విత్తనం వేసుకోనీ. చేలో కాస్త పచ్చదనం కనబడితే మనిషికి స్థిమితం వస్తుంది. తర్వాత చూద్దాం.

సైటు ఎట్లుంది? ఈ నెల పేపరులో కూడా వేశారట కదా, మన వైపు అందరూ చెప్పుకుంటున్నారు. నా వాక్యం ఫొటోతో సహా వచ్చిందన్నారు. గోడకు మళ్ళీ రంగు వేయించమంటావా?

ధనుంజయ


ఎర్రగుంట్ల,
సెప్టెంబరు 11.

అన్నా,

నీ చేను కొన్నాయన పేరు ఉరుకుందు అని నాకు మొన్ననే తెలిసింది. చాలా ఏళ్ళు లారీ తోలాడట. ఇక్కడ సిమెంటు లోడ్లకు వచ్చేవాడు. ఆ లారీ అమ్మి చేను కొన్నాడు. ఇప్పుడు వేరేవాళ్ళ లారీ తోలుతున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర భూపేష్‌ను అడిగి, ఇల్లు తెలుసుకుని వచ్చాడు. పటం చేసింది నేనని పేపరులో ఉంటే కూతురు చదివి చెప్పిందట.

గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి నేల మీద కూర్చోబోయాడు. కుర్చీ వేశాను. ఆగస్టులో ఒక బోరు, మొన్న ఇంకొకటి వేశాడు. రెండూ దుమ్మే.

"ఆ రెండూ పటంలో పెట్టించుకుందామని వచ్చినా తల్లీ. నాకు సదువు రాదు. కొనేటప్పుడు నా బిడ్డ ఈ పటం సూసినాది. నాయనా, సుట్టూరా ఎర్రగుండాది గానీ మనం కొనే తావ ఏం ల్యా, తెల్లగుండాది అన్నాది. ధనుంజయన్న అంగడి గోడ మీదనే రాసిండాది కదా, కొనే ముందు సూడమని. అట్ల రాయించినోడే అమ్ముతాండాడంటే ఇంగ అనుమానమేంది అనుకున్న్యా."

ఆ తర్వాత అడిగాడు. "ఆ చేలో ముందెవరూ బోరు ఏయల్యా తల్లీ? ఒగరికీ తెల్దా?"

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నేను జవాబు చెప్పాను. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ బోరుపటానికి మనుషులు రావాలని తిరిగాను. వచ్చారు. వచ్చి నమ్మారు. ఆయన ఎర్ర చుక్కను చూసి మోసపోలేదు. తెల్ల చోటును చూసి మోసపోయాడు. ఆ తెల్ల చోటు నేను చేసింది.

నువ్వు వెళ్ళి ఆయనను కలిస్తే మంచిది.

విద్య


నందికొట్కూరు,
సెప్టెంబరు 15.

విద్యకు,

నువ్వు ఏం జవాబు చెప్పావో రాయలేదు.

భూమి అమ్మినవాడు కొన్నవాడి ఇంటికి పోయి తప్పు చెప్పుకోవడం ఎక్కడా లేదు. ఎవరి చేలో నీళ్ళు పడతాయని ఎవరు రాసిచ్చారు? నేను నీళ్ళు ఉన్నాయని అనలేదు. గొర్రెలకని కొని బోరు వేయమని నేను చెప్పలేదు. ఊర్లో సగం చేలు ఇట్లాగే చేతులు మారాయి. నీ సైటు లేనప్పుడు ఎవరూ ఎవరినీ అడగలేదు.

డబ్బంతా గోడౌనుకు ఇచ్చేశాను. వెనక్కి తీసుకునే దారి లేదు. ఇంట్లో ఈ మాట ఎత్తొద్దు. నాయనకు తెలిస్తే నాకు ఇల్లు ఉండదు.

ధనుంజయ


ఎర్రగుంట్ల,
సెప్టెంబరు 18.

అన్నా,

ఈ రోజు నాలుగు చుక్కలూ, పెద్దనాయన మాటలూ మళ్ళీ పెట్టాను. వాటి కింద ఒక వాక్యం రాశాను. దాన్ని తీయను. నువ్వు చూస్తావు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

విద్య


నందికొట్కూరు,
అక్టోబరు 20.

విద్యకు,

నెల రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పోయిన సోమవారం అంగడి తీసేసరికి ఉరుకుందు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గొడవకే వచ్చాడనుకున్నాను.

"ఏమప్పా, ఏం కావాల?" అన్నాను.

"ఏం వద్దన్నా. కుచ్చోని పోతా" అన్నాడు.

సాయంత్రం దాకా కూర్చున్నాడు. మరుసటి రోజు కూడా వచ్చాడు. శిల్ప టీ పంపితే తాగి, గ్లాసు కడిగి పెట్టాడు. మోటారు కొనడానికి వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? "యా ఊరప్పా నీది?" అంటారు. "ఆదోని తట్టు. ఈ అన్న తావ గట్టు చేను కొన్న్యా" అంటాడు. "నీళ్ళుండాయా?" అంటారు. "ల్యావు" అంటాడు. అంతే. నా మీద ఒక్క చెడ్డ మాట లేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టి ఉందును. పోలీసుకు చెబుదామంటే, బల్ల మీద కూర్చున్నాడని ఏం కేసు పెడతారు? కొనడానికి వచ్చినవాళ్ళు అతనితో నాలుగు మాటలు మాట్లాడి, నాతో బేరమే ఆడకుండా వెళ్ళిపోయారు.

గురువారం నాయన వచ్చాడు, పేపరు చదువుకోవడానికి. అతని పక్కనే కూర్చున్నాడు. నేను లోపల పైపులు కొలుస్తున్నాను. మాటలు వినబడుతున్నాయి.

"గట్టు చేను కొనింది నువ్వేనా? మల్ల బోర్లు ఎట్ల ఏస్తివప్పా? నా మాటలు యినల్యా? ఊరంతా యిన్న్యారే!"

"కొన్నప్పుడు ఆడ ఏం ల్యా పెద్దాయనా. మా బిడ్డ సూసినాది. తెల్లగుండాది."

నాయన నన్ను పిలిచాడు. "యాడికి పోయినాయిరా నా మాటలు?" అన్నాడు. ఏదో రిపేరు వచ్చిందట అన్నాను. నువ్వు అందరికీ చెప్పిన మాటే.

ఉరుకుందు ఫోనులో పటం తీసి నాయన చేతిలో పెట్టాడు. నాయనకు అద్దాలు లేవు. దేవేంద్రప్ప అక్కడే ఉన్నాడు. నాయన ఆయనకు ఇచ్చి చదవమన్నాడు. నువ్వు రాసిన వాక్యం ఆయన గట్టిగా చదివాడు, బడిలో పాఠం చదివినట్టు. 'ఈ చుక్కలు మే నుంచి సెప్టెంబరు దాకా ఈ పటంలో లేవు. చేను అమ్మేవారు అడిగితే నేను తీసేశాను. చెప్పిన తిమ్మయ్యగారికి ఈ సంగతి తెలియదు. విద్య.'

నాయన నన్ను కొట్టలేదు, అరవలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఉరుకుందు వైపు కాస్త జరిగి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. శిల్ప ఇద్దరికీ అన్నం పంపింది. చీకటి పడబోతుంటే "ఇంటికి పోదాం రా నాయనా" అన్నాను.

"నువ్వు పో. ఈయప్ప లేసినప్పుడు నేనూ లేస్తా" అన్నాడు.

మరుసటి రోజు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. గొర్రెల గురించి, పత్తి గురించి మాట్లాడుకుంటారు. నా గురించి మాట్లాడుకోరు. వెనక గోడ మీద నేను రాయించిన అక్షరాలు. ముందర వాళ్ళిద్దరు.

నువ్వే పంపావని ఉరుకుందు చెప్పలేదు. నాకే అనిపిస్తోంది. ఆ రోజు ఆయనకు ఏం జవాబు చెప్పావు?

ధనుంజయ


ఎర్రగుంట్ల,
అక్టోబరు 24.

అన్నా,

అంతా చెప్పాను. నాలుగు బోర్లు ఉన్నాయని, వాటిని పటంలోంచి నేనే తీశానని, తీయమన్నది నువ్వని. నేను పంపలేదు. ఎక్కడికి పోవాలో ఆయనే చూసుకున్నాడు. నీకు రాసేటప్పుడు ఆ ముక్క వదిలేశాను. ఆయనకు తెలుసని నీకు తెలిస్తే భయపడి వెళతావు. తెలియకుండానే వెళతావేమోనని చూశాను.

ఇక్కడి సంగతి కూడా విను. ఆ వాక్యం పెట్టాక సైటుకు వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. "ఇంగా ఎన్ని తీసేసినావో ఎవరికి తెలుసు?" అని ఒకామె వాయిస్ పెట్టింది. బోరు బండ్ల ఏజెంటు దాన్ని అన్ని గుంపుల్లోనూ తిప్పుతున్నాడు. ఇంకేమీ తీయలేదని చెప్పాను. నమ్మాలని అడిగే హక్కు ఇప్పుడు నాకు లేదు. మొదలుపెట్టిన పని మానలేను కాబట్టి చేస్తున్నాను.

"మీ వదిన పంపిన చీర" అని భూపేష్ నిన్న బీరువాలోంచి తీసి ఇచ్చారు. మడత విప్పలేదు. తిరిగి పంపితే వదిన బాధపడుతుంది. ఏం చేయాలో తెలియలేదు.

విద్య


నందికొట్కూరు,
డిసెంబరు 8.

విద్యకు,

చీర కట్టుకో. అది శిల్ప తన ఇష్టం కొద్దీ కొన్నది.

గోడౌనును నష్టానికే వదులుకుని, ఉరుకుందు డబ్బు ఉరుకుందుకు తిరిగి ఇచ్చేశాను. డీలర్‌షిప్పు ఇంకొకరికి పోయింది. మంగళవారం రిజిస్ట్రారు ఆఫీసులో గట్టు చేను మళ్ళీ నా పేరు మీదికి వచ్చింది. మంచివాణ్ణి అయిపోయి చేశానని అనుకోవద్దు. ఆ ఇద్దరినీ దాటుకుని రోజూ అంగట్లోకి పోలేకపోయాను. అదే కారణం. ఉరుకుందు మళ్ళీ లారీ కొనుక్కుంటాడట.

అతను వేయించిన బోర్ల ఖర్చు కూడా ఇస్తానన్నాను.

"అది నా ఆశకు ఏసింది గదన్నా. దానికి నీ దుడ్లు ఏల?" అన్నాడు.

నాయన ఒప్పుకోలేదు. ఆ డబ్బు నాచేతే అతని జేబులో పెట్టించాడు.

సంతకాలయ్యాక ఉరుకుందును ఆదోని బస్సు ఎక్కించాము. నేను, నాయన కారులో తిరిగి వస్తున్నాము. అప్పటికి నెలన్నరగా నాయన నాతో మాట్లాడలేదు. గట్టు చేను దగ్గరికి రాగానే "ఆపు" అన్నాడు. దిగి చేలోకి నడిచాడు. వెనక వెళ్ళాను. పత్తి ఎండి నల్లగా నిలబడి ఉంది. ఉరుకుందు వేసిన రెండు బోర్లూ వెతికి చూశాడు. పిల్లలెవరూ పడకుండా రెండింటి మీదా బండరాళ్ళు పెట్టి మూసి వెళ్ళాడు అతను. నాయన వంగి ఆ రాళ్ళు కదులుతాయేమో చూశాడు. కదలలేదు.

"ఫోను తియ్" అన్నాడు. తీశాను. పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఈసారి నవ్వించే మాటలేవీ లేవు.

"ఐదోది, ఆరోది. ఏసినోడు ఉరుకుందు. చేను మాది. ఈడ నీళ్ళు ల్యావని మాకు ముందే తెలుసు."

చెప్పి, ఫోను వైపు కాకుండా నా వైపు చూశాడు. అప్పుడు నేను కూడా నా పేరు చెప్పాను. అది కూడా అందులో పడింది.

రికార్డింగు దీనితో పంపుతున్నాను. ఏమీ తీసేయకుండా పెట్టు.

ధనుంజయ